ప్లాస్మా తనంతట తాను తిరగడం, అయస్కాంత క్షేత్ర ఆకృతి: తరచుగా అడిగే ప్రశ్నలు

కేంద్రక సంలీన పరికరాల గురించి చదువుకొనే విద్యార్థులు ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువు) భ్రమణం దగ్గరకు వచ్చేసరికి ఒకే రకమైన సందేహాలు అడుగుతుంటారు. బయటి నుంచి ఎవరూ తిప్పకపోయినా ప్లాస్మా తిరగడం, ఆ తిరగడం అయస్కాంత క్షేత్రపు ఆకారాన్ని బట్టి మారడం మొదటిసారి విన్నవారికి నమ్మశక్యంగా ఉండదు. అందుకే ఆ ప్రశ్నలను అడిగిన మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక కావలసిన చోట నుంచి చదువుకోవచ్చు.

## మొదటి మెట్టు: భ్రమణం అంటే ఏమిటి

ప్లాస్మా తిరుగుతోంది అంటే ఏది తిరుగుతోంది, ఎటు తిరుగుతోంది?

వేడి ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే ఒక రకం సంలీన యంత్రాన్ని టోకమాక్ అంటారు. దాని లోపలి గది మధ్యలో చిల్లు ఉన్న గారె ఆకారంలో ఉంటుంది. చిల్లు చుట్టూ పొడవునా సాగే దిశను టొరాయిడల్ దిశ అంటారు. గారె కండను అడ్డంగా చుట్టివచ్చే దిశను పొలాయిడల్ దిశ అంటారు. ప్లాస్మాలోని అయాన్లు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, అంటే సుమారు 11.6 కోట్ల డిగ్రీల వద్ద, డ్యుటీరియం అయాను ఉష్ణ వేగం సెకనుకు దాదాపు 1000 కిలోమీటర్లు. అయితే అటు వెళ్లేవీ ఇటు వెళ్లేవీ సమానంగా ఉంటే సగటు సున్నా అవుతుంది. ఆ సగటు సున్నా కాకుండా, అయాన్లన్నీ కలిసి ఒక వైపు జరుగుతుంటే దానిని భ్రమణం అంటాము. టోకమాక్‌లో ముఖ్యమైనది టొరాయిడల్ భ్రమణం. ప్లాస్మా విద్యుత్ ప్రవాహం సాగే వైపు తిరిగితే సహదిశ భ్రమణమనీ, ఎదురు తిరిగితే ప్రతిదిశ భ్రమణమనీ ఈ పేజీలో వాడాము.

పొలాయిడల్ దిశలో ఎందుకు తిరగదు?

తిరుగుతుంది, కానీ నెమ్మదిగా. టోకమాక్ అయస్కాంత క్షేత్రం లోపలి వైపు, అంటే చిల్లు వైపు, బలంగా, బయటి వైపు బలహీనంగా ఉంటుంది. అడ్డచుట్టు తిరిగే ప్లాస్మా ప్రతి చుట్టులోనూ ఆ హెచ్చుతగ్గులను దాటాలి. కణాల తాడనాల వల్ల ఆ కదలిక త్వరగా అణగిపోతుంది. టొరాయిడల్ దిశలో ఆదర్శ టోకమాక్‌లో క్షేత్ర బలం మారదు కాబట్టి ఆ దిశలో అటువంటి అడ్డు లేదు.

ఎవరూ తిప్పకుండా తిరిగితే కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఏమవుతుంది?

నియమం చెక్కుచెదరదు. ప్లాస్మా ఒంటరి వస్తువు కాదు. దాని అంచు గోడను, డైవర్టర్ (బయటికి వచ్చే వేడిని, కణాలను అందుకొనే భాగం) పలకలను తాకుతుంటుంది, దాని విద్యుత్ ప్రవాహాలు బయటి తీగచుట్టలతో బలాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. ప్లాస్మా ఒక వైపు ఎంత కోణీయ ద్రవ్యవేగం సంపాదించిందో అంత ఎదురు దిశలో యంత్రం నిర్మాణానికి చేరుతుంది. యంత్రం బరువు టన్నులలో ఉంటే ప్లాస్మా బరువు పెద్ద యంత్రాలలో కూడా గ్రాము లోపే, చిన్న యంత్రాలలో మిల్లీగ్రాములలోనే ఉంటుంది కనుక మన కంటికి ప్లాస్మా మాత్రమే తిరిగినట్టు కనిపిస్తుంది. ప్లాస్మా లోపల జరిగేది ప్రధానంగా పంపకం: లోపలి పొరల నుంచి ఒక దిశ ద్రవ్యవేగం బయటి పొరలకు తరలిపోతే లోపల ఎదురు దిశ భ్రమణం మిగులుతుంది.

దీనిని మొదట ఎక్కడ గమనించారు?

చాలా టోకమాక్‌లలో తటస్థ కణాల పుంజాన్ని ప్లాస్మాలోకి చొప్పించి వేడి చేస్తారు. ఆ పుంజమే ప్లాస్మాను తిప్పేస్తుంది కనుక స్వయం భ్రమణం దాని నీడలో దాగిపోతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 2016 వరకు పనిచేసిన ఆల్కటర్ సీ-మాడ్ టోకమాక్‌లో రేడియో తరంగాలతోనే వేడి చేసేవారు. అక్కడ 1990ల నుంచి జాన్ రైస్ బృందం చేసిన కొలతలలో, తరంగాల నుంచి చెప్పుకోదగ్గ టార్క్ (తిప్పే బలం) ఏమీ లేకపోయినా ప్లాస్మా సహదిశలో వేగంగా తిరగడం స్పష్టంగా కనిపించింది. 2007లో రైస్, సహచరులు పలు టోకమాక్‌ల కొలతలను పక్కపక్కన పెట్టి చూశారు. ప్లాస్మా హెచ్-మోడ్ అనే మెరుగైన నిర్బంధ స్థితిలోకి వెళ్లినప్పుడు పెరిగే భ్రమణ వేగం, నిల్వ శక్తిలో వచ్చిన పెరుగుదలకు అనులోమంగానూ ప్లాస్మా విద్యుత్ ప్రవాహానికి విలోమంగానూ ఉందని చూపారు.

తిరిగితే లాభమేమిటి?

రెండు పెద్ద లాభాలున్నాయి. చుట్టూ ఉన్న లోహపు గోడ దృష్టిలో ప్లాస్మా తగినంత వేగంగా తిరుగుతుంటే, నెమ్మదిగా పెరిగి ప్లాస్మాను కూల్చేసే కొన్ని అస్థిరతలు అణగిఉంటాయి. తిరగడం ఆగితే అయస్కాంత వికృతులు ఒకచోట పాతుకుపోయి, చివరికి ప్లాస్మా మొత్తం చెదిరిపోయే ప్రమాదం ఉంది. రెండవది, పక్కపక్క పొరలు వేర్వేరు వేగాలతో తిరిగితే వాటి మధ్య కోత ఏర్పడి టర్బులెన్స్ (ప్లాస్మాలోని అల్లకల్లోల చలనం) సుడులను చీలుస్తుంది, వేడి బయటికి కారడం తగ్గుతుంది.

## రెండవ మెట్టు: ఆకృతి ఎలా కలగజేసుకుంటుంది

అయస్కాంత క్షేత్రం ఆకారం ప్లాస్మాను ఎలా తిప్పగలదు?

ఆకారం దానంతట అది ప్లాస్మాను నెట్టదు. టర్బులెన్స్ మోసుకుపోయే ద్రవ్యవేగాల జమాఖర్చులో ఏది ఏదితో కొట్టివేతకు గురవుతుందో ఆకారం నిర్ణయిస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఈ విషయమంతా విడివడుతుందని మా నమ్మకం, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

టోకమాక్ అడ్డుకోతను పై సగం, కింది సగం ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉన్న అండాకారంగా ఊహించండి. టర్బులెన్స్ సుడులు ఎక్కువగా బయటి వైపు, మధ్యరేఖకు కొంచెం పైనా కొంచెం కిందా పుడతాయి. మధ్యరేఖకు పైనున్న ఒక సుడి, క్షేత్రరేఖ వెంట ముందుకు పోయే అయాన్లను వెనక్కి పోయేవాటికంటే కొంచెం ఎక్కువగా బయటి పొరలకు చేర్చిందనుకుందాం. అప్పుడు దానికి ప్రతిబింబంగా, మధ్యరేఖకు కింద, వెనక్కి పోయే అయాన్లను అంతే ఎక్కువగా బయటికి చేర్చే సుడి కూడా ఉండితీరుతుంది. ఎందుకంటే పై కిందులను, ముందు వెనుకలను, సుడి ఒరిగిన వైపును ఒకేసారి తారుమారు చేస్తే ప్లాస్మా చలనాన్ని వర్ణించే సమీకరణాలు మారవు. కాలం గడిచేకొద్దీ రెండు రకాల సుడులూ సమానంగా వస్తాయి, త్రాసు రెండు పళ్లాలూ సరితూగుతాయి, నికర ద్రవ్యవేగ ప్రవాహం సున్నా అవుతుంది. వేడికి ఈ కొట్టివేత లేదు. రెండు సుడులూ వేడిని బయటికే తీసుకుపోతాయి.

ఇప్పుడు ఆ అండాన్ని ఒక పక్కకు వాల్చండి. పై సగం కింది సగానికి ప్రతిబింబం కాదు. పైనున్న సుడికి కింద సరైన జోడీ దొరకదు. ఒక పళ్లెం బరువెక్కుతుంది, ద్రవ్యవేగం లోపలికో బయటికో నిరంతరం తరలుతుంది, ప్లాస్మా తిరగడం మొదలవుతుంది.

ఈ సౌష్ఠవ వాదం ఎవరు నిరూపించారు?

ఆర్థర్ పీటర్స్, క్లెమెంటే ఆంజియోనీ 2005లో ప్రచురించిన గణనలలో ఈ సౌష్ఠవం బయటపడింది. యాన్ కామెనెన్, పీటర్స్ తదితరులు 2009లో పై కింది సౌష్ఠవం లేని ఆకృతిలో ద్రవ్యవేగ ప్రవాహం సున్నా కాదని గణనలతో చూపారు. 2011లో ఫెలిక్స్ పార్రా, మైకేల్ బార్న్స్, పీటర్స్ కలిసి, టర్బులెన్స్ పూర్తిగా ముదిరిన స్థితికి కూడా ఈ వాదన వర్తిస్తుందని స్థాపించారు.

ప్రయోగంలో చూశారా, లేక కాగితం మీదనేనా?

చూశారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉన్న టీసీవీ టోకమాక్‌ను ఇలాంటి ప్రశ్నల కోసమే కట్టారా అనిపిస్తుంది. ప్లాస్మాకు రూపమిచ్చే 16 తీగచుట్టలను అక్కడ విడివిడిగా నడపవచ్చు కనుక నిలువుగా సాగదీసిన, వాల్చిన, తలకిందులు చేసిన ఆకారాలెన్నో సాధ్యమవుతాయి. 2010లో కామెనెన్ బృందం అక్కడి ప్రయోగాల ఫలితాలను ప్రకటించింది. ఆకృతిలోని అసౌష్ఠవాన్ని ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చినప్పుడు, భ్రమణ వేగం లోపలి నుంచి బయటికి మారే తీరు కూడా సిద్ధాంతం చెప్పిన దిశలోనే మారింది. ఒక పరిమితి ఉంది: బయటి తీగచుట్టలు కల్పించే అసౌష్ఠవం అంచు దగ్గర బలంగా ఉండి, మధ్యకు పోయేకొద్దీ పలచబడుతుంది. అందువల్ల దాని ప్రభావం బయటి పొరలలోనే ప్రధానంగా కనిపిస్తుంది.

వాలు తిప్పడానికి బదులు అయస్కాంత క్షేత్రం దిశ తిప్పితే అదే ఫలితం వస్తుందా?

వస్తుంది. మధ్యతలాన్ని అద్దంగా భావించండి. అద్దంలో ప్లాస్మా వాలు తలకిందులవుతుంది. విద్యుత్ ప్రవాహం సాగే వైపు మారదు, ప్లాస్మా తిరిగే వైపు మారదు. కానీ టొరాయిడల్ అయస్కాంత క్షేత్రం దిశ తిరగబడుతుంది, ఎందుకంటే దానిని పుట్టించే నిలువు తీగలలో ప్రవాహం అద్దంలో పైకిందులవుతుంది. ప్రతిబింబం కూడా భౌతికంగా సాధ్యమైన ప్లాస్మాయే. కనుక వాలును తిప్పి క్షేత్రాన్ని అలాగే ఉంచడం, వాలును అలాగే ఉంచి క్షేత్రాన్ని తిప్పడం సమానం. ప్రయోగశాలలో ఇది చక్కని తనిఖీ: రెండు దారులలోనూ ఒకే మార్పు రాకపోతే కొలతలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే.

డి-ఆకారం, త్రికోణత కూడా ఆకృతే కదా, అవి తిప్పవా?

ఇంగ్లీషు డి అక్షరంలా ఉండే అడ్డుకోతకు (ఆ డి ఎంత మొనదేలి ఉందో చెప్పేదే త్రికోణత), దానిని ఎడమ కుడులు మార్చిన రుణ త్రికోణతకు కూడా పై కింది సౌష్ఠవం ఉంది. కాబట్టి అవి ఎంత బలంగా ఉన్నా, నిశ్చలంగా ఉన్న ప్లాస్మాను తొలి స్థాయి అంచనాలో తిప్పలేవు. ఇప్పటికే ఉన్న భ్రమణం ఎంత త్వరగా వ్యాపిస్తుంది, ఎంత లోపలికి గుంజుకుంటుంది అన్న వాటిని మాత్రం అవి మారుస్తాయి.

ఎంత వాల్చాలి? ఎక్కువ మూలలున్న ఆకారాలు ఇంకా మంచివా?

జస్టిన్ బాల్, పార్రా, బార్న్స్ తదితరులు 2014 నుంచి చేసిన గణనలలో, సాగదీసిన అండాకారానికి దాదాపు 22.5 డిగ్రీల వాలు అనుకూలమని తేలింది. మూలలు పెంచడం వల్ల ఉపయోగం లేదు. ఆకారంలోని మెలికలు సన్నబడేకొద్దీ వాటి వాలు కలిగించే ద్రవ్యవేగ ప్రవాహం ఘాతీయంగా తగ్గిపోతుందని 2016లో వారే చూపారు. సుడులు అంత సన్నని మెలికల వాలును సగటు చేసి పారేస్తాయి. పనికివచ్చేవి రెండే: సాగదీత, త్రికోణత. ఈ రెండింటినీ తగిన కోణాలలో వాల్చితే, అండాన్ని మాత్రమే వాల్చినదానికి రెండింతల ద్రవ్యవేగ రవాణా సాధ్యమని 2018 నాటి గణనలు చెబుతున్నాయి.

ఆకారం మార్చకుండా సాంద్రత కొంచెం పెంచితేనే భ్రమణం దిశ తిరగబడిందని చదివాను. మరి ఆకృతి పాత్ర ఏమున్నట్టు?

మీరు చదివింది నిజమే. 2006లో అలెసాండ్రో బోర్టొలోన్ తదితరులు టీసీవీలో దీనిని ప్రకటించారు. తరువాత సీ-మాడ్‌లోనూ విస్తారంగా చూశారు. సౌష్ఠవం ఉన్న ఆకారంలో కొట్టివేత తొలి స్థాయి అంచనాలోనే సంపూర్ణం. అయాను క్షేత్రరేఖ చుట్టూ తిరిగే వలయం యంత్రం పరిమాణంతో పోలిస్తే చిన్నదే అయినా సున్నా కాదు. ఆ నిష్పత్తి మేరకు మిగిలే చిన్న ప్రభావాలు అనేకం ఉన్నాయి, అవి ఒకదానితో ఒకటి పోటీపడతాయి. సాంద్రత కొంచెం మారితే వాటిలో ఏది గెలుస్తుందో మారి, దిశ తిరగబడవచ్చు. పెద్ద యంత్రంలో ఆ నిష్పత్తి ఇంకా చిన్నదవుతుంది కనుక ఈ శేష ప్రభావాలు బలహీనపడతాయి. ఆకృతి అసౌష్ఠవం మాత్రం ఆ నిష్పత్తి మీద ఆధారపడదు. రాబోయే పెద్ద యంత్రాల వారికి ఆకృతి మీద ఇంత ఆసక్తి అందుకే.

## మూడవ మెట్టు: అంచు, అలలు

ఎక్స్-బిందువు పైన ఉంటే ఒకలా, కింద ఉంటే ఒకలా తిరుగుతుందంటారు. ఎందుకు?

డైవర్టర్ ఉన్న టోకమాక్‌లో పొలాయిడల్ క్షేత్రం సున్నా అయ్యే చోటు ఒకటి ఉంటుంది. దానిని ఎక్స్-బిందువు అంటారు. దానికి ఆవల క్షేత్రరేఖలు గోడకు తెరుచుకుంటాయి. టర్బులెన్స్ పదార్థాన్ని ప్రధానంగా బయటి వైపు నుంచే ఈ తెరిచిన పొరలోకి నెడుతుంది. అక్కడి నుంచి అది క్షేత్రరేఖల వెంట లోపలి వైపుకు పారుతుంది. ఎక్స్-బిందువు కింద ఉందా పైన ఉందా అన్నదాన్ని బట్టి లోపలి వైపు ఆ ప్రవాహం దిశ మారుతుంది. దానితో టొరాయిడల్ దిశలో దాని వాటా కూడా తిరగబడుతుంది. 2004లో బ్రయన్ లబాంబార్డ్ బృందం సీ-మాడ్‌లో దాదాపు ధ్వని వేగంతో సాగే ఇటువంటి ప్రవాహాలను కొలిచింది. క్షేత్ర బలంలోని హెచ్చుతగ్గుల వల్ల అయాన్లు నెమ్మదిగా పైకో కిందికో జరుగుతాయి; అవి జరిగే వైపే ఎక్స్-బిందువు ఉన్నప్పుడు ప్లాస్మా మధ్యభాగపు భ్రమణం కూడా సహదిశ వైపు మొగ్గిందని, ఎదురు వైపు ఉన్నప్పుడు ప్రతిదిశ వైపు మొగ్గిందని చూపింది. అనుకూలమైన అమరికలో హెచ్-మోడ్ తక్కువ శక్తితోనే రావడానికి, ఈ అంచు ప్రవాహాలకు సంబంధం ఉందని వారు వాదించారు. అంచు చేతిలో పగ్గాలుంటే మధ్యభాగం ఎలా స్పందిస్తుందో ఇంత సూటిగా చూపిన కొలతలు అరుదు.

ఎక్స్-బిందువును పైకి కిందికి కాక, లోపలికి బయటికి జరిపితే?

అప్పుడూ మారుతుంది. 2012లో టిమ్ స్టోల్ట్‌సస్-డ్యూక్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అంచు దగ్గర సహదిశలో పోయే అయాన్ల కక్ష్యలు, ప్రతిదిశలో పోయేవాటి కక్ష్యలు వేర్వేరు వైపులకు జరుగుతాయి. టర్బులెన్స్ బలం కూడా చుట్టూ ఒకేలా ఉండదు. ఫలితంగా ఒక రకం అయాన్లు మరోదానికంటే తేలికగా బయటపడతాయి, మిగిలినవాటి దిశలో ప్లాస్మా తిరుగుతుంది. ఆ తేడా ఎక్స్-బిందువు ఎంత లోపలగా లేదా బయటగా ఉందన్నదానిపై సరళ రేఖలా ఆధారపడాలి. 2015లో టీసీవీలో దానిని పరీక్షించారు. ఎక్స్-బిందువు లోపలి వైపు ఉన్నప్పుడు అంచు సహదిశలో తిరిగింది. బాగా బయటికి జరిపినప్పుడు ప్రతిదిశకు మారింది. మధ్యభాగపు వేగం కూడా అంచుతో పాటు దాదాపు అంతే మేర జరిగింది.

తీగచుట్టల సంఖ్య పరిమితం కాబట్టి వచ్చే క్షేత్ర అలలు భ్రమణాన్ని ఆపుతాయా?

ఆపుతాయి, ఒక్కోసారి వెనక్కి కూడా తిప్పుతాయి. టొరాయిడల్ క్షేత్రాన్ని విడి తీగచుట్టలు ఇస్తాయి కనుక ఒక్కో చుట్ట కింద క్షేత్రం కొంచెం బలంగా, చుట్టల మధ్య కొంచెం బలహీనంగా ఉంటుంది. ఆ అలల వల్ల టొరాయిడల్ దిశలో సౌష్ఠవం పోతుంది, ఆ దిశలోనూ రాపిడి లాంటి స్నిగ్ధత పుడుతుంది, వేగవంతమైన అయాన్లు కొన్ని బయటికి పోయి ప్లాస్మా మీద ప్రతిదిశ టార్క్ మిగిలిస్తాయి. ఇంగ్లండ్‌లోని జెట్ టోకమాక్‌లో 32 చుట్టలుండేవి; సాధారణంగా అల 0.08 శాతమే. ఒకటి విడిచి ఒకటి చుట్టలలో ప్రవాహం మార్చి, అలను సుమారు 1 శాతం దాకా పెంచి చూసినప్పుడు భ్రమణం బాగా తగ్గింది, కొన్నిచోట్ల ప్రతిదిశకు తిరిగింది. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి కడుతున్న పెద్ద టోకమాక్ ఇటర్‌లో 18 చుట్టలే ఉన్నాయి కనుక అలను తగ్గించడానికి గోడల మధ్య అయస్కాంత గుణమున్న ఉక్కు పలకలను అమర్చుతున్నారు.

## నాలుగవ మెట్టు: స్టెల్లరేటర్లు

స్టెల్లరేటర్‌లో ఆకృతి ఇంకా సంక్లిష్టం కదా, అక్కడ భ్రమణం ఇంకా ఎక్కువగా ఉండాలి కదా?

సాధారణంగా తక్కువ. స్టెల్లరేటర్ అంటే ప్లాస్మాను పట్టి ఉంచే మెలికల క్షేత్రాన్ని ప్రధానంగా బయటి తీగచుట్టలతోనే కల్పించే సంలీన యంత్రం. టోకమాక్‌లో టొరాయిడల్ దిశలో ఉన్న సౌష్ఠవం వల్ల అయాన్లు, ఎలక్ట్రాన్లు బయటికి పోయే రేట్లు వాటంతట అవే సమానమవుతాయి. విద్యుత్ క్షేత్రం ఎంత ఉండాలన్న నిర్బంధం ఉండదు, కనుక ప్లాస్మా ఏ వేగంతోనైనా తిరగగలదు. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఉన్న వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ వంటి స్టెల్లరేటర్‌లో ఆ సౌష్ఠవం లేదు. అయాన్ల, ఎలక్ట్రాన్ల ప్రవాహాలు సమానం కావాలంటే విద్యుత్ క్షేత్రం ఒక నిర్దిష్ట విలువకు రావాలి. దానితో ప్రవాహ వేగం కూడా స్థిరపడిపోతుంది. అంతకు మించి తిరగబోతే క్షేత్ర బలంలోని ఎత్తుపల్లాలు అణచివేస్తాయి. పెర్ హెలాండర్, ఆండ్రీ సిమకోవ్ 2008లో ఈ భేదాన్ని గణితపరంగా తేల్చారు.

క్వాసీ-సౌష్ఠవం అంటే ఏమిటి? అది ఉంటే తిరగగలదా?

తీగచుట్టల ఆకారం ఎంత వంకరగా ఉన్నా, క్షేత్ర బలం మాత్రం ఒక దిశలో మారకుండా ఉండేలా రూపకల్పన చేయవచ్చు. దానినే క్వాసీ-సౌష్ఠవం అంటారు. ఆ దిశలో ప్లాస్మాకు అడ్డు తగ్గుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు హెచ్‌ఎస్‌ఎక్స్ యంత్రంలో, సౌష్ఠవాన్ని కావాలని చెడగొట్టిన అమరికతో పోలిస్తే క్వాసీ-సౌష్ఠవం ఉన్న అమరికలో ప్రవాహం నెమ్మదిగా అణగుతుందని 2005లో చూపారు. మాట్ లాండ్రమన్, ఎలిజబెత్ పాల్ 2022లో అత్యంత కచ్చితమైన క్వాసీ-సౌష్ఠవం గల క్షేత్రాలను గణనలలో కనుగొన్నారు.

## ఐదవ మెట్టు: కొలత, ఇటర్, మీ సొంత పని

ఇంత వేడి ప్లాస్మా వేగాన్ని ఎలా కొలుస్తారు?

డాప్లర్ ప్రభావంతో. ప్లాస్మాలో కొద్దిగా ఉండే కార్బన్ అయాన్లు వెలువరించే 529 నానోమీటర్ల గీత ఇందుకు పేరుపడ్డది. సెకనుకు 30 కిలోమీటర్లు కాంతి వేగంలో పదివేలో వంతు కాబట్టి ఆ గీత సుమారు 0.05 నానోమీటర్లే జరుగుతుంది. సీ-మాడ్‌లో ఆర్గాన్ అయాన్ల ఎక్స్-కిరణాలను స్ఫటికాలతో విశ్లేషించేవారు. మన దేశంలో గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఉన్న ఆదిత్య-యూ టోకమాక్‌లో కూడా వర్ణపట పద్ధతులతో టొరాయిడల్ భ్రమణాన్ని కొలుస్తున్నారు. ప్లాస్మాను తోసే పుంజం లేని యంత్రంలో కనిపించేది స్వయం భ్రమణమే కనుక ఇటువంటి చిన్న యంత్రాల కొలతలకు విలువ ఎక్కువ.

ఇటర్‌లో పుంజాలు ఉంటాయి కదా, స్వయం భ్రమణం కోసం ఎందుకు వెతకడం?

లెక్క వేసి చూడండి. ఇటర్‌లో 33 మెగావాట్ల పుంజాలను 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో పంపాలని ప్రణాళిక. ఆ శక్తి వద్ద డ్యుటీరియం వేగం సెకనుకు సుమారు 9800 కిలోమీటర్లు. ఒకే సామర్థ్యానికి కణాల వేగం పెరిగేకొద్దీ అవి తెచ్చే ద్రవ్యవేగం తగ్గుతుంది. అందువల్ల మొత్తం టార్క్ 35 న్యూటన్-మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల పుంజం అదే సామర్థ్యానికి దీనికి మూడింతలకు పైగా ఇచ్చేది. 6.2 మీటర్ల వ్యాసార్ధం గల అంత పెద్ద ప్లాస్మాకు ఇది చాలా తక్కువ.

అయితే ఇటర్ ప్లాస్మాను వాల్చేయవచ్చు కదా?

ఇటర్ తీగచుట్టలు, డైవర్టర్ నిటారు ఆకారానికి రూపొందినవి; ఇప్పుడు వాల్చే వీలు లేదు. ఇటర్ పరిమాణంలో, తగిన విధంగా వాల్చిన ఆకారంతో కట్టిన యంత్రంలో భ్రమణం ఆల్ఫ్వెన్ వేగంలో (ప్లాస్మాలో అయస్కాంత అలలు ప్రయాణించే వేగం) 1 శాతానికి చేరవచ్చని 2018 నాటి గణనలు అంచనా వేశాయి. అది ఇటర్‌లో ఆశించేదానికి నాలుగింతలు, అస్థిరతలను అణచడానికి కావలసిన వేగానికి దగ్గర. తరువాతి యంత్రాలను గీసే దశలోనే ఈ అవకాశాన్ని తూకం వేయాలని మా అభిప్రాయం. కట్టడం మొదలైన తరువాత ఆకారాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. ఖర్చు లేకపోలేదు: వాలిన ప్లాస్మాను నిలువుగా స్థిరంగా ఉంచడం, వేడిని డైవర్టర్‌కు సరిగా చేర్చడం కష్టతరం అవుతాయి.

నా కంప్యూటర్ మీద ఈ ప్రభావాన్ని నేనే చూడగలనా?

చూడగలరు. జీఎస్2, జీకేడబ్ల్యూ అనే గైరోకైనెటిక్ (ప్లాస్మా టర్బులెన్స్‌ను గణించే) ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. ఒకే ఉష్ణోగ్రత ప్రవణతతో మూడు గణనలు చేయండి: నిటారు అండం, ధన వాలు, అంతే రుణ వాలు. వాలిన రెండింటిలోనూ వేడి ప్రవాహం ఒకటే రావాలి. ద్రవ్యవేగ ప్రవాహం పరిమాణంలో సమానంగా, గుర్తులో వ్యతిరేకంగా రావాలి. నిటారు అండంలో అది క్షణక్షణం అటూ ఇటూ ఊగుతుంది, దీర్ఘకాలపు సగటు మాత్రం సున్నాకు చేరాలి. చేరకపోతే సమీకరణాలను అనుమానించే ముందు గణనను ఇంకొంతసేపు నడవనివ్వండి.